డెబ్బయి రెండో వంతు

ప్లాస్టిక్ బొమ్మ విమానాన్ని గురించి విమర్శ పత్రికలో వ్రాయడమేమిటని కొందరు మిత్రులు నవ్వవచ్చు. నవ్వనివ్వండి. యుద్ధాన్ని పాఠ్యపుస్తకంలో చదివిన కుర్రవాడు పరీక్ష కాగానే మరచిపోతాడు. దాన్ని తన చేతులతో అతికించి నిలబెట్టిన కుర్రవాడు మరచిపోడు. కనుక ఆ పెట్టెలో ఏముందో, ఏది లేదో చూడడం మన పనే.

ఇంటర్మీడియెట్ చదివే మా మేనల్లుడికి ఈ సరదా వుంది. నిరుడు సెలవుల్లో వాడు స్పిట్‌ఫైర్ విమానం పెట్టె తెచ్చాడు. లోపల బూడిదరంగు చట్రాలు. వాటికి పిందెల్లా అంటుకొని రెక్కలు, తోక, చక్రాలు, వేలిగోరంత చోదకుడు. పాలీస్టైరీన్ గుళికలను కరిగించి ఉక్కు అచ్చులోకి బలంగా ఎక్కిస్తే ఈ చట్రాలు వస్తాయి. ఒక్కొక్క ముక్కనూ కోసి, అంచులు గీకి, జిగురు రాయాలి. ఆ జిగురు ప్లాస్టిక్కునే కాస్త కరిగించి రెండు ముక్కలనూ ఒకటి చేస్తుంది. అసలు విమానం రెక్క కొసనుంచి రెక్క కొసకు 11.23 మీటర్లు, బొమ్మ 15.6 సెంటీమీటర్లు. అంటే డెబ్బయి రెండో వంతు. ఆరడుగుల మనిషి ఒక్క అంగుళమౌతాడు.

ఈ కొలత ఆటకు మాత్రమే పరిమితం కాలేదు. శత్రువు విమానమేదో, స్వపక్షం విమానమేదో ఆకారాన్ని బట్టి పోల్చుకోవడం సైనికులకు నేర్పాలని 1942లో అమెరికా నౌకాదళం హైస్కూలు పిల్లలను 5,00,000 నమూనాలు చేసి ఇమ్మని కోరింది. అవీ ఈ కొలతవే. యుద్ధానికి ముందే అంగడి సరుకయినది యుద్ధంలో పనిముట్టయింది.

మావాడు రంగులు వేశాక, విడిగా కొన్న గుర్తుల కాగితాన్ని నీళ్ళలో నానబెట్టి, 152వ దళం అక్షరాలు విమానం పక్కన అతికించాడు. దానితో వచ్చిన వివరాల్లో ఆ దళం పేరు చూసి నన్నడిగాడు:

"మామయ్యా, ఇంగ్లీషువాళ్ళ దళానికి మన హైదరాబాదు పేరేమిటి?"

అది నిజాం కానుకకు గుర్తుగా వచ్చిన పేరు. 152వ దళం 1939 అక్టోబరులో ఇంగ్లండులో మళ్ళీ ఏర్పడింది. 1940లో స్పిట్‌ఫైర్లతో జర్మన్ బాంబర్లను ఎదుర్కొన్నది. ఆ తరువాత బర్మా రంగంలోనూ పోరాడింది. దాని చిహ్నం నిజాం తలపాగా. దాని నినాదం "విశ్వాసపాత్రుడైన మిత్రుడు". 1918లో బ్రిటిషు ప్రభుత్వం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు ఇచ్చిన బిరుదే ఇది.

"అయితే మనవాళ్ళూ హిట్లరుమీద పోరాడినట్టేగా?" అన్నాడు వాడు.

ఈ మాటను తేలికగా కొట్టిపారెయ్యలేము. ఫాసిజాన్ని ఓడించకపోతే ప్రపంచంలో ఏ అభ్యుదయానికీ చోటుండేది కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంమీదా, కాకినాడమీదా బాంబులు వేశాయి. యుద్ధం మనకు పరాయిది కాదు. ఆ విమానాల్లో ఎగిరి చనిపోయిన యువకుల ధైర్యమూ అబద్ధం కాదు. కాని "మనవాళ్ళు" అన్నప్పుడు ఎవరిని లెక్కిస్తున్నామన్నదే ప్రశ్న.

1940లో బ్రిటన్‌లో స్పిట్‌ఫైర్ చందాలు మొదలయినప్పుడు ఒక విమానం వెల 5,000 పౌన్లని ప్రకటించారు. అసలు ఖర్చు అంతకు మించినదే. రూపాయికి 18 పెన్నీల నాటి మారకంలో 5,000 పౌన్లంటే సుమారు 66,700 బ్రిటిషు ఇండియా రూపాయలు. నిజాం ఖజానా ఆకాశంనుంచి నిండలేదు. ఆయన సొంత భూములైన సర్ఫెఖాస్ గ్రామాలున్నాయి, జాగీర్లున్నాయి, దేశముఖుల గడీలున్నాయి. వాటికింద శిస్తు కట్టినవాడూ, వెట్టి చేసినవాడూ, యుద్ధకాలంలో లెవీ ధాన్యం కొలిచినవాడూ వున్నారు. కానుక ఇచ్చిన తలపాగా చిహ్నానికెక్కింది. కొలిచిన చేతులు ఎక్కడా ఎక్కలేదు. ఐరోపాలో స్వేచ్ఛ కోసం కానుకలిచ్చిన ప్రభువు ఏలుబడిలోనే, యుద్ధం ముగిసి ఏడాది తిరగకముందే, 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు నేలకొరిగాడు.

ఇంగ్లండులోనూ కథ వేరు కాదు. 1940 సెప్టెంబరులో సౌతాంప్టన్ దగ్గర వూల్‌స్టన్‌లోని స్పిట్‌ఫైర్ ఫ్యాక్టరీని జర్మన్లు బాంబులతో కూల్చారు. అప్పుడు పనిని మోటారు షెడ్లకూ, చాకలి కర్మాగారాలకూ చెదరగొట్టి సాగించారు. ఆ పనిలో స్త్రీలు పెద్దసంఖ్యలో వున్నారు. బొమ్మపెట్టె అట్టమీద మంటలు కక్కే విమానం, లోపలి కాగితంలో చోదకుడి పేరు, హోదా వుంటాయి. రివెట్లు కొట్టిన స్త్రీ పేరు వుండదు. 2010 తరువాత వచ్చిన ఎయిర్‌ఫిక్స్ పెట్టెలు కొన్నింటిపై "భారతదేశంలో తయారయింది" అన్న ముద్ర కనిపిస్తుంది. ఆ అచ్చుయంత్రం ముందు నిలబడ్డ మన కార్మికుడి పేరూ వుండదు.

ఇది బొమ్మ తప్పు కాదు. కుర్రవాడి సరదా తప్పు అంతకంటె కాదు. ఓపిక, కొలత, చేతిపని నేర్పే వస్తువును నిషేధించమనేది అజ్ఞానం. నా మేనల్లుడికి చెప్పింది ఒక్కటే: రెక్కల కొలత తప్పకుండా చూసుకొన్నట్టే వెల ఎవరు చెల్లించారో కూడా లెక్క తీయమని. ఉపాధ్యాయ మిత్రులు ఈ లెక్కను తరగతిలో చేయించవచ్చు. ఒక స్పిట్‌ఫైర్ వెలకు ఎన్ని బస్తాల వడ్లు, ఎన్ని వూళ్ళ శిస్తు? మావాడు ఇప్పుడు తాతగారి వూరి పాత శిస్తు రశీదులకోసం మా అక్కగారి పెట్టె వెతుకుతున్నాడు.