పట్టా లేని గూళ్లు

పంచతంత్రంలో టిట్టిభాల కథ మనమంతా చిన్నప్పుడు చదువుకున్నదే. ఒడ్డున పెట్టిన గుడ్లను సముద్రం కాజేస్తుంది. పక్షులన్నీ కూడి గరుత్మంతుడితో మొరపెట్టుకుంటాయి, ఆయన విష్ణువుకు చెబుతాడు, సముద్రం భయపడి గుడ్లు తిరిగి యిచ్చేస్తుంది. ఆ టిట్టిభమే మా మైపాటి చవిటి నేలల్లో తిరిగే తీతువు అని మా పంతులుగారు చెప్పలేదు. అది అరిస్తే చావుకబురు వస్తుందని మా యింట్లో రాయి విసిరేవారు.

దానిది గూడు అనడానికి కూడా వీల్లేదు. నేలమీద చిన్న పల్లం, నాలుగు గులకరాళ్లు, అందులో మన్ను రంగు గుడ్లు మూడో నాలుగో. పక్కన నిలబడినా కనపడవు. కనపడకపోవడమే వాటికున్న కాపుదల. పదేళ్లప్పుడు నేనొకసారి ఆ గుడ్లు చొక్కాలో వేసుకుని వస్తుంటే, చేపలగంప దించుకుని నిలబడ్డ పట్టపు ముసలమ్మ, "యెక్కడివక్కడ పెట్టిరా అబ్బయా, దానికి మాత్రం యిల్లొద్దా?" అంది. పెట్టివచ్చాను.

నా పుణ్యం అంతవరకే. 1990 తర్వాత కోస్తా అంతటా రొయ్యల గుంటల వెర్రి పట్టినప్పుడు మా చవిటి నేలను కౌలుకిచ్చాము. కాగితం రాసింది నేనే. "యే పంటా పండని వృథా భూమి" అని రాశాను. యంత్రాలు వేసవిలో వచ్చాయి. అంటే అవి గుడ్లు పెట్టే కాలంలో. రెండురోజులు తలలమీద తిరుగుతూ అరిచాయి. రాయి విసరవలసిన పని కూడా లేకపోయింది. ముసలమ్మ వాళ్లు రేవుకు పోయే దారికి అడ్డంగా కట్ట లేచింది. 1994-95లో తెల్లమచ్చ రోగం వచ్చి రొయ్యలు పోయాయి. ఉప్పు పక్క మాగాణికి మిగిలింది.

1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరనియంత్రణ పరిధిలోని రొయ్యల చెరువులను తీసివేయమని తీర్పు చెప్పింది. గరుత్మంతుడు విన్నాడనుకున్నాము. 2005లో పార్లమెంటు వేరే చట్టం చేసి, అనుమతి పొందిన సాగుకు దారి తెరిచింది.

యిదే తీరానికి దక్షిణాన, దొరవారిసత్రం దగ్గర నేలపట్టు చెరువు వుంది. 1976లో దాన్ని పక్షుల అభయారణ్యం చేశారు. గూడబాతులు నీళ్లలోని కడప చెట్లమీద పిల్లల్ని పెంచుతాయి. చుట్టుపక్కల రైతులు వాటిని పురిటికి వచ్చిన ఆడబిడ్డల్లా చూస్తారు. మనవాళ్లు దీన్ని కేవలం భూతదయగా వర్ణిస్తూవుంటారు. రెట్ట కలిసిన చెరువునీరు పొలానికి యెరువు గదా! పక్షి బ్రతుకూ పంట బ్రతుకూ ఒకటైనచోట కాపుదల నిలిచింది. అందులో సిగ్గుపడవలసింది యేమీ లేదు. ఆ పక్కనే సూళ్లూరుపేటలో 2001 నుంచి ఫ్లెమింగోల పేర పండుగ మొదలైంది. పులికాటుకు అవి మేతకు వస్తాయి. మన దేశంలో వాటి ముఖ్యమైన పురిటిగడ్డ కచ్ రణ్. యిసుకలో గుడ్లు పెట్టి యిక్కడే వుండే పిట్టకు పండుగ లేదు. అది యెరువు యివ్వదు, అందమూ తక్కువే. దాని నేలకు రికార్డుల్లో పేరు కూడా లేదు, నేను పెట్టిన ఆ పేరు తప్ప.

పోయిన వేసవిలో కౌలు మళ్లీ రాయవలసి వచ్చింది. కట్టకు బయట, సముద్రం వైపున్న యిరవై సెంట్లయినా విడిచిపెట్టమని తమ్ముడితో అన్నాను.

"తీతువు కోసమా అన్నా? అది అశుభం గదా" అన్నాడు.

కాగితం యింకా సంతకం కాలేదు.