నాలుగు చలికాలాల జీవి

స్కాట్లండులోని స్కై దీవిలో దొరికిన ఒక బెలెమ్నైట్ శిలాజం గురించి చదివాను. జురాసిక్ సముద్రంలో ఈదిన ఆ జీవి నేటి స్క్విడ్‌కు దూరపు బంధువు. బాణపు ములికి వంటి దాని సున్నపు భాగం చెట్టు మానులాగా పొరలు పొరలుగా పెరిగింది. నీరు చల్లబడిన కొద్దీ సున్నంలో బరువైన ఆక్సిజన్ పాలు హెచ్చుతుంది. షికాగోలో హెరాల్డ్ యూరీ బృందం ఒక్కొక్క పొరనూ గీకి ఆ పాళ్ళను కొలిచి, 1951లో ప్రకటించింది: పసితనం గడిచాక మూడు వేసవులు, నాలుగు చలికాలాలు చూసి, వసంతంలో మరణించిందని! వయసులో ఉండగా వెచ్చని నీటిలోనూ, ముదిమిలో చల్లని నీటిలోనూ బతికిందట.

మా నాయనమ్మ ఏ ఋతువులో పుట్టిందో చెప్పగలవారెవరూ ఇప్పుడు మా ఇంట్లో లేరు. ఆ రాతిముక్కపై నాకు కొంచెం అసూయగానే ఉంది. మీ ఇళ్ళలో పెద్దలుంటే, అడిగి రాసి పెట్టుకోండి.