లాగర్‌కి పరిమళం అద్దే ఊరు

ఆవకాయ పెట్టే రోజులొస్తే చాలు... మిరపకాయల దుకాణం ముందు నుంచి బామ్మ ఓ పట్టాన కదలదు. ఇది రంగుకి, అది కారానికి అంటూ కాయ విరిచి, వాసన చూసి, గింజ కొరికి కానీ బేరం మొదలుపెట్టదు. ఐరోపాలోని చెక్ రిపబ్లిక్‌లోనూ అలాంటి పరీక్షే జరుగుతుంది. కాకపోతే అక్కడ చేతిలో ఉండేది మిరపకాయ కాదు, పొలుసులు పొలుసులుగా ఉండే ఓ చిన్న ఆకుపచ్చ పువ్వు. దాన్ని రెండు అరచేతుల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీలుస్తారు. అదే హాప్స్. ఇంట్లో లాగర్ బీరు కాచుకునేవారికి అసలు చిక్కంతా దాన్ని ఎంచుకోవడంలోనే ఉంటుంది. ఆ ఎంపికలో ముందుగా వినిపించే పేరు సాజ్. అది ఓ ఊరి పేరు. జర్మన్లు సాజ్ అని పిలిచే ఆ ఊరిని చెక్ భాషలో జాటెట్స్ అంటారు.

తమలపాకు తోటలా...

ప్రేగ్ నగరానికి వాయవ్యంగా 70 కిలోమీటర్లకు పైగా వెళితే ఓహ్రే నది ఒడ్డున కనిపిస్తుంది జాటెట్స్. జనాభా 20 వేలు దాటదు. ఊరు ఇంకా రాకముందే రోడ్డుకి రెండు వైపులా హాప్స్ తోటలు మొదలవుతాయి. ఏడు మీటర్ల ఎత్తు స్తంభాలు, వాటి మీద తీగల పందిరి, పందిరి నుంచి నేలకు దిగిన సన్నని ఇనుప తీగలు. వాటిని చుట్టుకుంటూ పైకి పాకే పాదులు. మన వైపు తమలపాకు తోటలు చూసినవారికి కొత్తగా ఏమీ అనిపించదు, ఎత్తు తప్ప! వేసవి మొదట్లో ఈ పాదు ఎంత జోరుగా పెరుగుతుందంటే, ఒక్కరోజులో జానెడు పాకిన సందర్భాలూ ఉంటాయి. పైకి పాకేటప్పుడు ఎప్పుడూ గడియారం ముల్లు తిరిగే దిశలోనే చుట్టుకుంటుంది. దారి మళ్లించి అటువైపు చుడితే మళ్లీ తన దారికే వస్తుంది.

హాప్స్‌లో ఆడ మొక్కలు, మగ మొక్కలు వేరువేరు. బీరుకి పనికొచ్చేది ఆడ పువ్వే. దాని రేకుల అడుగున పసుపు రంగు పొడి ఉంటుంది. పేరు లుపులిన్. బీరుకి చేదు ఇచ్చే ఆల్ఫా ఆమ్లాలు, వాసన ఇచ్చే నూనెలు ఆ పొడిలోనే ఉంటాయి. గింజ కడితే నాణ్యత తగ్గుతుందని మగ మొక్క కనిపిస్తే రైతులు పీకేస్తారు.

ఈ పంటకి ఈ లోయే ఎందుకు? పశ్చిమాన ఉన్న ఖనిజాల కొండలు వాన మేఘాలను అడ్డుకుంటాయి. దాంతో ఇక్కడ కురిసేది ఏడాదికి దాదాపు 450 మిల్లీమీటర్లే. మన అనంతపురం జిల్లా సగటు (సుమారు 550) కన్నా తక్కువ! అయినా చల్లని ప్రాంతం కావడంతో నేలలో తేమ త్వరగా ఆవిరైపోయేది కాదు. పైగా ఎర్రమట్టి. ఈ మట్టిలో, ఈ గాలిలో పెరిగిన పాదు కాండం కూడా కాస్త ఎర్రగా ఉంటుంది. గుంటూరు సన్నం మిరపకు భౌగోళిక గుర్తింపు ఉన్నట్లే జాటెట్స్ హాప్స్‌కి 2007లో ఐరోపా సమాఖ్య అలాంటి రక్షణ ఇచ్చింది.

కారానికా... కమ్మదనానికా?

చెక్ రిపబ్లిక్‌లో సొంత వాడకం కోసం ఇంట్లో పరిమితంగా బీరు కాచుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. మన దగ్గర లైసెన్సు లేకుండా ఆ పని చేస్తే నేరం. అక్కడి ఇళ్లలో సాధారణంగా ఓసారికి 20 లీటర్ల దాకా కాస్తారు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్లలో నానబెట్టి, వచ్చిన తియ్యటి రసాన్ని గంటకు పైగా మరిగిస్తారు. హాప్స్ వేసేది ఆ మరుగుతున్న రసంలోనే. ముందు వేస్తే చేదు దిగుతుంది, వాసన ఆవిరైపోతుంది. చివర్లో వేస్తే వాసన నిలుస్తుంది, చేదు అంతగా దిగదు. సాంబారులో కొత్తిమీర దించే ముందు వేసే సూత్రమే ఇదీ. అందుకే చెక్ పద్ధతిలో హాప్స్‌ని మూడు విడతలుగా వేస్తారు... మొదట్లో, మధ్యలో, చివర్లో.

ఇక్కడే అసలు ప్రశ్న. సాజ్‌లో చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లాలు మూడు, నాలుగు శాతమే. జర్మనీలో పుట్టిన మాగ్నమ్ లాంటి రకాల్లో 12 శాతానికి పైనే. 20 లీటర్ల లాగర్‌కి తగినంత చేదు రావాలంటే మాగ్నమ్ పాతిక గ్రాములు చాలు, సాజ్ మాత్రం 80 గ్రాముల దాకా కావాలి. మరి మూడింతలు ఎక్కువ పోసి సాజ్‌నే ఎందుకు కొంటారు?

కారణం లాగర్ స్వభావం. దీన్ని పులియబెట్టే ఈస్ట్ పది డిగ్రీల చుట్టూ ఉండే చల్లదనంలో నెమ్మదిగా పనిచేస్తుంది. ఆ తర్వాత దాదాపు సున్నా డిగ్రీల దగ్గర వారాల తరబడి నిల్వ ఉంచుతారు. లాగర్ అనే జర్మన్ మాటకు అర్థమే నిల్వ. వేడిలో పులిసే బీర్లలో ఈస్ట్ తానే పండ్ల వాసనలు పుట్టిస్తుంది. వాటి చాటున చిన్న చిన్న లోపాలు దాగిపోతాయి. లాగర్‌లో ఆ అవకాశం లేదు. పల్చటి చారులో ఇంగువ ఎక్కువైతే వెంటనే తెలిసిపోయినట్లు హాప్స్ మోటుగా ఉంటే మొదటి గుటకలోనే దొరికిపోతుంది. సాజ్ వాసన మృదువు. కాస్త మట్టి, కాస్త గడ్డిపూలు, కాస్త మసాలా. అందుకే జర్మనీ రకాలైన హాలర్‌టావ్, టెట్నాంగ్, స్పాల్ట్‌లతో కలిపి దీన్ని మేలుజాతి హాప్స్‌గా లెక్కిస్తారు.

ఖర్చు చూసుకునేవారు మధ్యేమార్గం ఎంచుకుంటారు. మొదటి విడతకు చేదు రకం, చివరి విడతకు సాజ్. ఏ రకం కొన్నా చూసుకోవాల్సినవి మాత్రం అవే: పంట ఏ ఏడాదిది, పొట్లంలో గాలి లేకుండా బిగించారా, చల్లటి చోట ఉంచారా అని. పాతబడిన హాప్స్ జున్ను ముక్కిన వాసన వేస్తుంది. అలాంటిది ఎంత పేరున్న రకమైనా పక్కన పెట్టాల్సిందే.

పొగగొట్టాల వీధులు

1842లో పిల్సెన్ నగరంలో యోసెఫ్ గ్రోల్ అనే బవేరియా నిపుణుడు లేత రంగు బార్లీ, అక్కడి మెత్తటి నీరు, సాజ్ హాప్స్ కలిపి బంగారు రంగు లాగర్ కాచాడు. ఇవాళ ప్రపంచమంతా తాగే లేత రంగు లాగర్లకు మూలం అదే. దానితోపాటే జాటెట్స్ దశ తిరిగింది. ఊళ్లో హాప్స్ ఆరబెట్టే భవనాలు, గోదాములు, ఎత్తైన పొగగొట్టాలు వరసగా లేచాయి. కోసిన పువ్వులో నాలుగింట మూడొంతులు నీరే. దాన్ని 55 డిగ్రీల దగ్గర ఆరబెట్టి పదో వంతు తేమకు తెస్తారు. లేదంటే గంటల్లోనే కమిలిపోతుంది.

ఈ సంపద వెనుక కన్నీళ్లూ ఉన్నాయి. హాప్స్ వ్యాపారంలో ముందున్న యూదులు నాజీల మారణకాండలో బలైపోయారు. వాళ్ల పెద్ద ప్రార్థనా మందిరం ఇప్పటికీ ఊళ్లో ఉంది. యుద్ధం ముగిశాక 1945 నుంచి, తరాలుగా తోటలు సాగుచేసిన జర్మన్ కుటుంబాలను దేశం నుంచి పంపేశారు. మనుషులు మారారు, పాదులు మిగిలాయి. కారెల్ ఓస్వాల్డ్ అనే శాస్త్రవేత్త తోటల్లో మేలైన మొక్కలను ఏరి అభివృద్ధి చేసిన రకాలకు 1952లో గుర్తింపు వచ్చింది. నేటి సాజ్ తోటల్లో ఎక్కువగా కనిపించేది ఆ సంతతే. సోషలిస్టు ప్రభుత్వ కాలంలో కోతలకు విద్యార్థులను బృందాలుగా పంపేవారు. ఆ నేపథ్యంతో 1964లో ఓ సంగీత చిత్రమే వచ్చింది. ఇప్పుడు తీగలను మొదలంటా కోసి తెస్తే యంత్రాలే పువ్వులు రాలుస్తాయి.

2023 సెప్టెంబరులో యునెస్కో జాటెట్స్ పట్టణాన్ని, స్టెక్నిక్, ట్రనోవానీ గ్రామాల దగ్గరి తోటలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. హాప్స్‌కి అంకితమైన ప్రదేశానికి అలాంటి గౌరవం దక్కడం అదే మొదటిసారి.

వేడెక్కుతున్న లోయ

సరిగ్గా తర్వాతి నెలలోనే మరో వార్త. జర్మనీ, చెక్, స్లొవేనియా తోటల లెక్కలు తీసిన పరిశోధకులు నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో ఓ అధ్యయనం ప్రచురించారు. 1994కు ముందుతో పోలిస్తే హాప్స్ దాదాపు 20 రోజులు ముందుగానే పక్వానికి వస్తోంది. 2050 నాటికి దిగుబడి 4 నుంచి 18 శాతం, ఆల్ఫా ఆమ్లాలు 20 నుంచి 31 శాతం తగ్గవచ్చని వాళ్ల అంచనా. ఎండలు పెరగడం, కరవు ఎక్కువ కావడమే కారణం.

ఇంట్లో బీరు కాచేవారి తక్కెడలో ఈ లెక్క సులువుగా అర్థమవుతుంది. మూడున్నర శాతం ఉన్న ఆమ్లం రెండున్నరకు పడిపోతే 80 గ్రాములు వేసే చోట 110 గ్రాములకు పైగా వేయాలి. ఓవైపు పంట తగ్గుతుంది, మరోవైపు అదే బీరుకి ఎక్కువ పంట కావాలి. రైతుకి మిగిలిన దారులు రెండు. తోటకు నీటి వసతి కల్పించడం, లేదా తట్టుకునే కొత్త రకాలు నాటడం. జాటెట్స్‌లోని హాప్స్ పరిశోధన సంస్థ సాజ్ లేట్, సాజ్ షైన్, సాజ్ కంఫర్ట్ లాంటి రకాలను ఇప్పటికే విడుదల చేసింది. అవి ఎండకు నిలబడటం ఒక్కటే చాలదు. వాటితో కాచిన లాగర్ తాగినవాళ్లు ‘ఇదీ సాజే’ అనాలి. పాదు ఓసారి నాటితే ఇరవై ఏళ్ల వరకూ ఉంటుంది కాబట్టి ఇప్పుడు తప్పు రకం నాటిన రైతు ఆ తప్పును పిల్లలకు అప్పగించినట్లే.

చూడాలంటే...

ఆగస్టు చివరి వారం, సెప్టెంబరు మొదటి వారం కోతల కాలం. ఆ రోజుల్లో ఊరంతా హాప్స్ వాసనే. సెప్టెంబరు మొదట్లో దోచెస్నా పేరుతో కోతల పండుగ జరుగుతుంది. మన సంక్రాంతిలాగే పంట ఇంటికొచ్చిన సంబరం అది. పాత గోదాములో ఏర్పాటు చేసిన హాప్స్ మ్యూజియం, దాని దగ్గరే ఉన్న 42 మీటర్ల హాప్స్ లైట్‌హౌస్ చూసి తీరాలి. ప్రేగ్ నుంచి బస్సులో ఉదయం బయల్దేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. బీరు అలవాటు లేనివారికీ ఈ ఊరు నచ్చుతుంది. టౌన్‌హాల్ ఉన్న చౌక్‌లో ఇళ్ల మధ్యే ఓ చిట్టి హాప్స్ తోట ఉంది. పువ్వు కాసే కాలంలో దాని పక్కన నిలబడితే చాలు, ఓ ఊరు తన పంటను ఇంతగా ఎందుకు ప్రేమిస్తుందో గాలే చెబుతుంది.