మన గుండ్లు రెండుసార్లు ఉడికాయండోయ్!

అబ్బబ్బబ్బ! ఈ సంగతి ఎవరితోనైనా చెప్పకపోతే నాకు అన్నం అరిగేలా లేదు. మీరు దొరికారు, వినండి!

వనపర్తి నుంచి గద్వాల పోయే దారిలో గానీ, నాగర్‌కర్నూల్ చుట్టూ చెలకల నడుమ గానీ ఎటు చూసినా గుండ్లే కదా! ఇప్పుడు దొర్లుతుందా, కాసేపాగి దొర్లుతుందా అన్నట్టు ఒకదాని నెత్తిన ఒకటి నిలబడ్డ గుండ్లు. మేకలెక్కే గుండ్లు, పార్టీ గుర్తులు పూసిన గుండ్లు, పసుపు రాసి బొట్టు పెట్టిన గుండ్లు! వాటి వయసెంతో తెలుసా?

దగ్గరదగ్గర 250 కోట్ల ఏళ్లు!

డైనోసార్లు పోయి 6 కోట్ల 60 లక్షల ఏళ్లే అయింది. హిమాలయాలు లేవడం మొదలై సుమారు 5 కోట్ల ఏళ్లు. అంటే మన గుండ్లకు 200 కోట్ల ఏళ్ల వయసు వచ్చాక కూడా హిమాలయాల ఊసే లేదు! అంతటి పెద్దమనుషుల మీద కూర్చుని ఇన్నాళ్లూ పల్లీలు తిన్నాం మనం!

నాకేం తెలుసు చెప్పండి! రాయంటే రాయే. భూమి పుట్టిన నాడే ఇదీ పుట్టి ఉంటుంది, అప్పట్నుంచీ ఇక్కడే పడి ఉంటుంది, అంతే కదా అనుకునేదాన్ని. గ్రానైట్ అంటే వంటింటి గట్టు! అంతకు మించి ఒక్క ముక్క తెలీదు.

అసలు విషయం ఏమిటంటే, మొదట్లో ఈ రాయి లేదు! భూమి వయసు 454 కోట్ల ఏళ్లు. తొలినాళ్లలో పైపొర అంతా నల్లటి, బరువైన బసాల్టే. ఇప్పటికీ సముద్రాల అడుగున ఉండేది అదే. తెల్లటి, తేలికైన, ఖండాలు కట్టే రాయిని భూమి తయారు చేసుకోవాల్సి వచ్చింది. ఎలా చేసుకుందో వింటే ఒళ్లు జలదరిస్తుంది!

నీళ్లు తాగిన బసాల్ట్ పదుల కిలోమీటర్ల లోతుకు దిగింది. అక్కడ వేడి 700 నుంచి 1000 డిగ్రీలు. పొడి బసాల్టయితే ఆ వేడికి అంత తొందరగా లొంగదు. లోపల నీళ్లుంటే మాత్రం కరగడం మొదలెడుతుంది. అదీ మొత్తం కాదు, కొంత భాగమే! ఆ కరిగిన కొంతలో సిలికా ఎక్కువ, బరువు తక్కువ. అది పైకి పాకుతుంది, పాకి పాకి గడ్డకడుతుంది. ఇదిగో, ఇదే తొలి ఖండపు రాయి! దీనికి శాస్త్రవేత్తలు పెట్టిన పేర్లు టోనలైట్, ట్రాండ్‌జెమైట్, గ్రానోడయొరైట్. నోరు తిరక్కపోతే దిగులు పడకండి, వాళ్లూ టీటీజీ అని సరిపెట్టుకుంటారు.

నీళ్లే లేకపోతే ఇంత గ్రానైట్ లేదు, ఖండమూ లేదు! వానకు మొహం వాచే మన పాలమూరు బండల పుట్టుకలో నీళ్లున్నాయంటే నమ్మబుద్ధి అవుతుందా!

ఆ బసాల్ట్ లోతుకు ఎలా దిగిందన్నది మాత్రం ఇంకా తెగని పంచాయితీ. భూమి పైపొర పలకల్లో ఒకటి ఇంకోదాని కిందికి జారిందని కొందరు, పొర బాగా మందమై దాని అడుగే కరిగిందని కొందరు. వాళ్లు కొట్టుకోనీ, మనం ముందుకు పోదాం.

ఎందుకంటే కథ ఇక్కడ మలుపు తిరుగుతుంది! మన ఎర్ర గుండ్లు ఆ తొలి వంట కావు. రెండో వంట!

సుమారు 256 నుంచి 251 కోట్ల ఏళ్ల కిందట ఈ నేల అడుగున వేడి మళ్లీ రాజుకుంది. కిందనుంచి మండే శిలాద్రవం తోసుకొచ్చింది. పైగా అప్పటి రాళ్లలో యురేనియం, థోరియం, పొటాషియం పుట్టించే వేడి ఇప్పటికి రెట్టింపు. అప్పటికే ఉన్న ఖండపు రాయి మళ్లీ కరిగింది. అందులో పొటాషియం పోగుపడింది. గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్ పెద్దపెద్ద పలుకులుగా పెరిగింది. రాత్రి మిగిలిన అన్నానికి పొద్దున తాలింపు వేస్తాం చూడండి, మెతుకు పాతదే, వంటకం కొత్తది. అచ్చం అదే! మన గుండ్ల ఎరుపు ఆ తాలింపుదే!

ఇది మన ఒక్కరి ముచ్చటే కాదు. కర్ణాటకలో రామనగరం దగ్గరి బండలున్నాయే, షోలే సినిమాలో గబ్బర్‌సింగ్ తిరిగిన బండలు, అవీ ఆ కాలానివే! క్లోజ్‌పేట గ్రానైట్ అంటారు వాటిని. గబ్బర్ మన చుట్టాల గుట్టల మీదే డెన్ పెట్టాడన్నమాట!

ఇదంతా కళ్లారా చూడాలంటే జూరాల ప్రాజెక్టు దిగువకు వెళ్లాలి. ఎండాకాలం కృష్ణ సన్నబడినప్పుడు నది అడుగు బయటపడుతుంది. నీళ్లు ఏళ్ల తరబడి రుద్ది రుద్ది నునుపు చేసిన బండ! చెప్పులు విప్పితే అరికాలు చుర్రుమంటుంది. వంగి చూస్తే చారలు! తెల్లచార, బూడిదచార, నల్లచార, మళ్లీ తెల్లచార. తిన్నగా కాదు, మెలికలు తిరిగి, మడతలు పడి, ఒకచోట ఉబ్బి ఒకచోట సన్నబడి! రాయి మెత్తబడి సాగితేనే అలా అవుతుంది. ఇది నైస్ శిల. ఆ చారల్ని అడ్డంగా కోసుకుంటూ గులాబీ రంగు పట్టీ పోయిందంటే అది వాటి తర్వాత వచ్చిందన్నమాట. కోసింది చిన్నది, కోయించుకున్నది పెద్దది! ఈ ఒక్క సూత్రంతో 250 కోట్ల ఏళ్ల నాటి వరస చెప్పేయొచ్చు, ఏ మిషనూ అక్కర్లేదు!

నల్లటి తునకలు కనబడితే వదలకండి. బెత్తెడువి, జానెడువి, కొన్నిచోట్ల మంచమంత. ఎర్ర గ్రానైట్ మధ్యలో ఎందుకున్నాయవి? కొన్ని, కరగకుండా మిగిలిన పాత రాతి ముక్కలు. కొన్ని, అదే సమయంలో అడుగునుంచి ఎగదన్నిన నల్ల శిలాద్రవం గడ్డకట్టినవి. ఏది ఏదో తేల్చడం నాకు చేతకాలేదు కానీ చూస్తూ కూర్చోవడంలో ఉన్న మజా చెప్పలేను!

మరి వయసెలా తెలిసింది? అమ్మో, అది ఇంకో వింత!

జిర్కాన్ అని ఒక స్ఫటికం. మిల్లీమీటరులో పదో వంతు ఉంటుందేమో. పుట్టేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. ఆ యురేనియం తన లెక్క ప్రకారం మెల్లగా సీసంగా మారుతుంది. సగం మారడానికి సుమారు 447 కోట్ల ఏళ్లు! రెండూ ఎంతెంత ఉన్నాయో కొలిస్తే వయసు తేలుతుంది. ఇంకా చిత్రమేమిటంటే, రాయి మళ్లీ కరిగినా జిర్కాన్ చాలాసార్లు పూర్తిగా కరగదు. పాత గింజ చుట్టూ కొత్త పొర కట్టుకుంటుంది. నడుమ ఒక పుట్టినరోజు, అంచున ఇంకో పుట్టినరోజు! మన నేలను శాస్త్రవేత్తలు తూర్పు ధార్వాడ్ ప్రాంతం అంటారు, ఇక్కడ 300 కోట్ల ఏళ్లు దాటిన ఆనవాళ్లు అలా బయటపడ్డవే. పడమటికి, కర్ణాటకలోని హాసన్ వైపు పోతే 330 కోట్ల ఏళ్ల నైస్ బండలే ఉన్నాయి. ఆస్ట్రేలియా జాక్ హిల్స్‌లో దొరికిన ఒక జిర్కాన్ పలుకుకైతే 440 కోట్ల ఏళ్లు!

ఆగండాగండి, గద్వాల సంగతి చెప్పనే లేదు! అసలు గంతులేయాల్సింది అక్కడే!

కృష్ణ, తుంగభద్రల మధ్య నడిగడ్డ. పత్తికీ, గద్వాల చీరలకూ పేరున్న నడిగడ్డ. దాని గుండా ఒక పచ్చరాతి పట్టీ సాగుతుంది. అగ్నిపర్వతాల లావా నలిగి, ఉడికి, క్లోరైట్ వంటి ఖనిజాలతో ఆకుపచ్చ ఛాయకు తిరిగిన రాయి. గద్వాల గ్రీన్‌స్టోన్ బెల్ట్ అంటారు. హైదరాబాద్ ఉప్పల్‌లో ఉన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్త సి. మాణిక్యాంబ, ఆమె సహచరులు 2005లో ఈ పట్టీలో బోనినైట్లు ఉన్నాయని ప్రకటించారు.

బోనినైట్ అంటే? జపాన్‌కు దక్షిణాన పసిఫిక్‌లో ఉన్న బోనిన్ దీవుల రాయి! సముద్రపు పలక ఒకటి ఇంకోదాని కిందికి అప్పుడప్పుడే దిగడం మొదలెట్టినప్పుడు, ఒకసారి కరిగి సారం పోయిన భూమి లోపలి రాయి నీటి ఆవిరి తగిలి మళ్లీ కరిగితే పుట్టే అరుదైన లావా. మెగ్నీషియం బాగా ఎక్కువ, టైటానియం బాగా తక్కువ. అలాంటిది మన గద్వాలలో! దాదాపు 250, 260 కోట్ల ఏళ్ల నాటిది! అంటే అప్పటికే పలకలు ఒకదాని కిందికి ఒకటి దిగుతున్నాయని చెప్పడానికి మాణిక్యాంబ బృందం చూపిన సాక్ష్యం మన నడిగడ్డ రాయి! ప్రపంచ శాస్త్రవేత్తల వాదులాటలో గద్వాల పేరు! నేను కుర్చీలోంచి లేచి ఇల్లంతా తిరిగాను, ఒట్టు!

ఇలాంటి పట్టీల్లోనే బంగారమూ ఉంటుంది. పక్కనే రాయచూరు జిల్లాలోని హట్టి గని ఇప్పటికీ నడుస్తోంది కదా, అదీ పచ్చరాతి పట్టీలోదే.

నేల గట్టిపడ్డాక కూడా భూమి ఊరుకోలేదు. పగుళ్లు పట్టింది. వాటిలోకి నల్ల డోలరైట్ చొరబడింది. చెలకల్లో గీత గీసినట్టు తిన్నగా పోయే నల్లరాళ్ల వరసలు ఎప్పుడైనా చూశారా? అవే! మహబూబ్‌నగర్ పేరుతోనే ఒక గుంపు ఉంది, సుమారు 218 కోట్ల ఏళ్లది. బజారులో బ్లాక్ గ్రానైట్ అని అమ్మేది చాలావరకు ఈ జాతి రాయే. గ్రానైట్ కానే కాదు!

ఇక అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం గుడి. కింద మైదానమంతా గ్రానైట్. మెట్లెక్కి గుడి దగ్గరికి చేరేసరికి నెత్తిన వేలాడే కొండచరియ పూర్తిగా వేరే రాయి, పొరలు పొరలుగా! అది శ్రీశైలం క్వార్ట్‌జైట్. ఒకప్పటి ఇసుక! గ్రానైట్లు లోతుల్లోంచి పైకి తేలి, ఎండకూ వానకూ అరిగి, ఆ అరిగిన నేల మీద నీళ్లు ఇసుక పరిచాక గట్టిపడిన రాయి. కింది రాతికీ పై రాతికీ మధ్య కనీసం 50 కోట్ల ఏళ్ల ఎడం! కొండెక్కే నాలుగడుగుల్లో 50 కోట్ల ఏళ్లు దాటేస్తాం, ఆయాసం కూడా రాదు!

మీరూ చూడండి! దయచేసి చూడండి! ఖిల్లా ఘనపూర్ కోట ఎక్కినప్పుడు గోడల్నే కాదు, గోడల కిందున్న బండనూ చూడండి. కొత్త రోడ్డు కోసం గుట్ట కోసిన చోట బండి ఆపండి, తాజాగా కోసిన రాయిలో రంగులు బాగా తెలుస్తాయి. పదింతలు చూపించే చిన్న భూతద్దం జేబులో వేసుకోండి. ఫొటో తీస్తే కొలత తెలిసేలా పక్కన ఓ రూపాయి బిళ్ల పెట్టండి. రాయిని మాత్రం పగలగొట్టకండి. సైన్సు టీచర్లూ, మీ పిల్లల్ని ఒక్క పూట తీసుకెళ్లండి, టికెట్ కూడా లేదు!

జూరాలకు పోయేవాళ్లు గేట్లు ఎప్పుడు ఎత్తుతారో ముందే కనుక్కుని, పొద్దున్నే పోండి. పది దాటితే ఆ బండ మీద కాలు పెట్టలేరు.