గోపాల్‌పూర్ తీరమున రెండు మంచులు

మా పెద్దన్నగారు స్వర్గస్థులైన మరునాటి యుదయము, మాఘమాసమున, గోపాల్‌పూరులో పొగమంచు దట్టముగా పట్టియుండెను. పెరటి కొబ్బరిచెట్టు సయితము కానరాలేదు. అన్నగారి కుమారుడు దూరమునుండి విమానమున వచ్చుచుండెను. దిగవలసిన చోటను ఇట్టి మంచే యుండుటచే, విమానము కొంతసేపు ఆకాశమున తిరిగి వేరొక నగరమునకు మరలినదని వర్తమానము వచ్చినది. దహనసంస్కారము ఆపవలెనా, మరియొకరిచేత జరిపింపవలెనా యని మేము వాకిట తర్జనభర్జన పడుచుంటిమి.

అంతలో పొరుగు పేటలోని వృద్ధ జాలరి యొకరు పరామర్శకు వచ్చిరి. మా సంశయము విని, తడిసిన నేలను చూచి యిట్లనిరి: “ఇది నేల మీద పుట్టిన మంచు బాబూ. ఎండెక్కితే పోతాది. సముద్రం మీంచి వొచ్చీదయితే నాను సెప్పలేను. బిడ్డొస్తాడు, ఆగండి.”

ఆగితిమి. పది గంటలకు మంచు విడిపోయినది. ప్రొద్దు గ్రుంకకముందే కుమారుడు వచ్చి తండ్రికి తలకొరివి పెట్టెను.

మంచులు రెండని మాకంతవరకు తెలియదు. తరువాత తెలిసికొంటిమి. శీతకాలమున నిర్మలమైన రాత్రులందు నేల తన వేడిమిని విడిచి చల్లబడును. పగటి సముద్రపుగాలి తెచ్చిన తేమ ఆ చల్లదనమునకు సన్నని నీటిబిందువులై నేలనంటి నిలుచును. పైగాలి వెచ్చనిదగుటచే మూతవలె పనిచేయును. సూర్యుడు నేలను కాచిన పిమ్మట ఆ మూత తొలగును.

ఫాల్గుణ చైత్రములలో కథ వేరు. నైరృతి నుండి తీరము వెంబడి వీచు గాలి, భూభ్రమణ ప్రభావముచే, పైనీటిని ఒడ్డునుండి లోపలికి త్రోయును. అడుగునున్న చల్లని నీరు పైకి వచ్చును. 1950ల దశకమున ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వచ్చిన అమెరికా శాస్త్రజ్ఞుడు లఫాండ్ మన తూర్పుతీరమున ఈ విషయమును పరిశోధించెను. తేమగాలి చల్లని నీటిపై సాగునపుడు మంచు కడలిపైననే పుట్టవచ్చును. మొదటి మంచును చెదరగొట్టు సముద్రపుగాలియే ఈ రెండవదానిని ఒడ్డునకు మోసికొనివచ్చును! ఎండ యెక్కినను, గాలి మారువరకు ఇది తెగకపోవచ్చును. జాలరి “సెప్పలేను” అనుటలోని అర్థమిదియే.

చూపు 1000 మీటర్లకు లోబడినపుడు దానిని పొగమంచని వాతావరణశాస్త్రజ్ఞులు లెక్కింతురు. కంటిచూపుపై నడుచు విమానమునకు 5 కిలోమీటర్ల చూపు కావలెను. యంత్రసహాయమున్నను, సాధారణశ్రేణిలో 200 అడుగుల యెత్తునకు దిగువరకు దారిదీపములు కానరానిచో చోదకుడు మరలవలసినదే. బరంపురము చెంతనున్న రంగైలుండ విమానక్షేత్రమునకు సముద్రము ఎంతో దూరము కాదు. తెప్పకును విమానమునకును ఇచ్చట పరీక్ష యొక్కటియే.

1936 ఏప్రిల్ 1న గంజాం జిల్లాలో అధికభాగము మదరాసు నుండి విడివడి ఒరిస్సాలో చేరినది. మన పిల్లలు ఒడియా చదువుకొనిరి, అది మంచిదే. కాని ఆనాడు జాలరి మాట మాకు తెలిసినది తెలుగుచేతనే. ఆ మాట తెలియకున్న మా బిడ్డకు తండ్రి కడసారి దర్శనము దక్కియుండదు. ఈ శీతకాలమున ఒక తెల్లవారుజామున మన పిల్లలను ఒడ్డునకు తోడ్కొని పోవుదము. తెప్పల చెంతనున్న పెద్దలను, “తాతా, ఇది ఏ మంచు?” అని వారిచేతనే అడిగింతము.