అత్తమ్మ మెచ్చిన నేల

పొద్దున లేస్తే చిక్కటి బర్రె పాలు, పెరట్లో పాదు మీది బీరకాయ, కబురు పెడితే పది నిమిషాల్లో గుండె డాక్టరు. ఈ మూడూ ఒక్కచోట దొరికే ఊరేదైనా మీకు తెలుసా? తెలిస్తే చెప్పండి గానీ, అక్కడ గజం ఎంతో మాత్రం చెప్పకండి. ఆర్నెల్లుగా గజాల ధరలు వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి.

సంగతేమిటంటే, మా అత్తమ్మకు నేల కావాలి. ఆమె మెట్టిన ఊరు దిగువ మానేరు డ్యాం నీళ్ళల్లో మునిగిపోయింది. 1974లో మొదలై 1985 నాటికి పూర్తయిన ఆ డ్యాం 24 టి.ఎం.సి.ల నీళ్ళు పట్టుకుని మా కరీంనగరు దాహం తీరుస్తోంది, పొలాలను పండిస్తోంది. కాదనను. సాయంత్రాలు ఆ కట్ట మీద పల్లీలు తింటూ తిరిగినదాన్నే నేనూ. అత్తమ్మ మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ కట్ట ఎక్కలేదు. ఓసారి రమ్మంటే, "మా అర్రల మీద నిలబడి పల్లీలు తినుమంటవా బిడ్డా?" అంది. మళ్ళీ పిలవలేదు.

అప్పట్నుంచీ అద్దె ఇళ్ళు, ఆ తర్వాత మా మూడో అంతస్తు ఫ్లాటు. డెబ్బయ్యారేళ్ళ మనిషి బాల్కనీలో రెండు పెయింటు డబ్బాల్లో పుంటికూర పెంచుకుంటూ "గాలిల బతుకుతున్న" అంటుంది. ఈమధ్య అన్నం కూడా సరిగ్గా తినడం లేదు. డాక్టరు చూసి జబ్బేమీ లేదన్నాడు. జబ్బేమిటో మాకు తెలుసు. అమ్మాయి పై చదువుకని దాచిన డబ్బులో సగం తీసి కాస్త నేల కొందామన్నారు మావారు. అమ్మాయి వెంటనే సరేనంది. నాకే రెండు రాత్రులు కంటి మీద కునుకు లేదు.

మొదట ఆదిలాబాదు వైపు వెళ్ళాం. కరీంనగరు, ఆదిలాబాదు అని పాత లెక్కలోనే చెబుతున్నాను లెండి. 2016 అక్టోబరులో ఆదిలాబాదు నాలుగు జిల్లాలయింది, మా కరీంనగరు ఇంకా ఎక్కువ ముక్కలే అయింది. మా ఇంట్లో మాత్రం ఎవరూ ఆ కొత్త పేర్లు పలకరు. మావారికి అడవంటే మోజు. ఉట్నూరు దారిలో టేకు చెట్లూ, చలికాలపు మంచూ చూసి అక్కడే ఉండిపోదామన్నారు. కాని అది ఏజెన్సీ. 1959 నాటి భూ బదిలీ నిబంధనను 1970లో సవరించి గట్టి చేశారు. అందరూ 'వన్ ఆఫ్ సెవెంటీ' అనేది దాన్నే. అక్కడ గిరిజనేతరులు భూమి కొనడం చెల్లదు. అయినా ఒకాయన మోటారుసైకిలు దిగి, "తెల్లకాగితం మీద రాసుకుందాం సార్, అందరూ చేసేదే" అన్నాడు. మావారు మర్యాదకోసం తల ఊపుతున్నారు. అత్తమ్మ కారులోంచే అందుకుంది: "ఒగల నేల ఒగలు గుంజుకుంటే ఎట్లుంటదో నాకెర్క లేదా? పోదాం పా!"

మంచిర్యాల ఎండ తట్టుకోలేననుకున్నాను. నిర్మల్ అందరికీ నచ్చింది, కాని మావారి ఉద్యోగం కరీంనగరులో. రోజూ వంద కిలోమీటర్లకు పైగా పోయి రావడమంటే ఆయన్ను ఆదివారాలే చూడాలి.

సరే, మన ఊరి చుట్టూనే వెతుకుదామని నోటుబుక్కు తీశాను. పట్టా పాసుబుక్కు ఉందా, లేఅవుటుకు అనుమతి ఉందా (2020లో అనుమతి లేని ప్లాట్ల రిజిస్ట్రేషన్లు ఆపేశాక ఎంతమంది ఏడ్చారో మా వీధిలోనే చూశాను), బోరు ఎన్ని అడుగులు, ఆస్పత్రి ఎంత దూరం, ఇలా గళ్ళు గీసుకున్నాను. ఒక్క సంగతి తొందరగానే నేర్చుకున్నాను. ధర గుంటల్లో చెబితే అది పొలం, గజాల్లో చెబితే ప్లాటు. గుంటకు 121 గజాలే, నేల అదే, రాళ్ళు అవే. కాని బ్రోకరు నోట్లో గుంట గజమైందంటే అక్కడ బర్రెను కట్టనివ్వరు.

అత్తమ్మకు నోటుబుక్కు లేదు. ఆమె మగవాళ్ళను ఏదీ అడగదు. పక్క చేన్లో కలుపు తీసే ఆడవాళ్ళ దగ్గరికి పోయి కూర్చుంటుంది. "ఏప్రిల్ల బాయి ఎంత కిందికి పోతది?" అంటుంది. బావిలోకి తొంగి రాళ్ళ మీది నీటి చారలు చూస్తుంది. తడిమట్టిని ఉండ చేసి, అది చేతిలో విరిగితే చెల్క అని ముఖం విప్పార్చుకుంటుంది. తెల్లగా పొరకట్టిన చోట దిగనైనా దిగదు. గంగాధర వైపు ఓ మంచి ముక్కను ఒక్క నిమిషంలో కొట్టేసింది. దగ్గర్లో గ్రానైటు క్వారీ ఉంది, పేలుడుకు కొట్టంలో పశువు అదిరిపడిందట. నా గళ్ళలో క్వారీకి చోటే లేదు, చూశారా!

అన్నిటికన్నా పెద్ద గండం కోతులు. పట్నంలో ఉండేవాళ్ళకు ఇది నవ్వులాటగా ఉంటుంది గానీ, మా పల్లెల్లో పల్లికాయ, మక్కజొన్న, కూరగాయలు వేయడం మానుకున్న ఇళ్ళెన్నో. గుట్టలు పగలగొట్టి అమ్ముకున్నాం, ఉన్న చెట్లు కొట్టుకున్నాం, అవి మాత్రం ఎక్కడికి పోతాయి అంటారు పెద్దవాళ్ళు. గూనపెంకులు పీకేస్తాయి, వంటింట్లో చొరబడి అన్నం గిన్నెతో బయటికి నడుస్తాయి. ఒక చేన్లో పులి బొమ్మ పెట్టారు. ఆ పులి వీపు మీద కూర్చుని ఓ కోతి దర్జాగా వంకాయ తింటోంది. నిర్మల్ దగ్గర 2020లో కోతుల కుటుంబ నియంత్రణకు ఒక కేంద్రమే తెరిచారు. అది పలితమిచ్చేదాకా ఆగితే అత్తమ్మకు నూరేళ్ళు నిండుతాయి. చివరికి ఆమే తేల్చింది: "పసుపు ముట్టయి. కూరగాయలకు ఇనుప జాలి కట్టిద్దాం. కోతులు బయట, నేను జైల్ల!"

పోయిన నెల చొప్పదండి రోడ్డు పక్కన పన్నెండు గుంటలు కుదిరాయి. ఎర్ర చెల్క, రాతి కట్టు బావి, ఒక వేపచెట్టు. కరీంనగరు ఆస్పత్రులు అరగంట. పది నిమిషాలు కావు, అయినా సర్దుకున్నాం. అమ్మేది కొడుకు అప్పు తీర్చడానికి. బయానా ఇస్తుంటే ఆ ఇంటావిడ చెట్టు కింద నిలబడి ఉంది, దగ్గరికి రాలేదు. అత్తమ్మే లేచి వెళ్ళింది. ఇద్దరూ చాలాసేపు ఏదో మాట్లాడుకున్నారు. నాకు వినబడలేదు.

తిరిగొచ్చి, గేటు తాళానికి రెండు చెవులు చేయించమంది మావారితో. "ఒకటి ఆమెకియ్యి. పుంటికూర తెంపుకపోతది."

గేటే ఇంకా పెట్టలేదని మావారు చెప్పబోయారు. నేను మోచేత్తో పొడిచాను.