పది రోజుల చుట్టం

మా అమ్మాయి మైక్రోబయాలజీ చదువుతోంది. నేను చరిత్రా, తెలుగూ చదివి బి.ఏ. అనిపించుకున్నదాన్ని. అమీబా అంటే నాకు స్కూల్లో గీసిన బొమ్మ ఒక్కటే గుర్తు. ఎలా గీసినా తప్పని ఎవరూ అనలేని బొమ్మ కాబట్టి దానిమీద నాకు కాస్త అభిమానం కూడానూ.

మొన్న ఆదివారం పిన్నత్తగారూ, నేనూ చింతచిగురు బాగుచేస్తుంటే అమ్మాయి వచ్చి కూర్చుని ఓ కథ చెప్పింది. 1966లో అమెరికాలో, బఫెలోలో, క్వాంగ్ జియోన్ అనే కొరియా శాస్త్రవేత్త అమీబాల్ని పెంచుతుండేవాడట. ఉన్నట్టుండి అవి జబ్బుపడ్డాయి. చూస్తే ఒక్కో దాని కడుపులో లక్ష దాకా బాక్టీరియా! చాలామటుకు చచ్చాయి. మనమైతే ఆ గిన్నెలు కడిగి బోర్లించేవాళ్లం. ఆయన మాత్రం మిగిలిన నాలుగింటినీ ఏళ్ల తరబడి సాకాడు. అవి తేరుకున్నాయి. బాక్టీరియా కూడా బుద్ధి తెచ్చుకుని సుమారు నలభై వేల దగ్గర ఆగాయి.

అసలు విడ్డూరం ఆ తర్వాతే. ఇక ఆ బాక్టీరియా లేకపోతే అమీబాలు బతకలేకపోయాయి. వాటి కేంద్రకాన్ని తీసి, బాక్టీరియా లేని అమీబాలో పెడితే అది నిలవలేదు. ఇన్ని బాక్టీరియాను లోపలికి ఎక్కిస్తే మళ్లీ కోలుకుంది.

నేను పిన్నత్తగారి వైపు చూడలేదు. చూస్తే నవ్వొస్తుందని భయం.

ఆవిడ మా అత్తగారి చెల్లెలు. బాబాయిగారు పోయాక మనసు బాగాలేదని పది రోజులకి వచ్చారు. పదకొండేళ్లయింది. వచ్చిన వారానికే నా పోపులపెట్టె చోటు మారింది. రాసుకోవడానికి కూర్చుంటే, "ఎంతసేపమ్మా ఆ గిలుకుడు, అన్నం చల్లారిపోతోంది" అనేవారు. మొదటి ఏడాది నేను పుట్టింటికి రాసిన ఉత్తరాలు ఎవరి కంటా పడకుండా ఉంటే చాలు. ఇప్పుడు నవల్లో ఏ ప్రకరణమైనా ముందు ఆవిడకి చదివి వినిపించందే పత్రికకి పంపను. "ఆ పిల్ల అలా అనదు" అని ఆవిడంటే కొట్టేయాల్సిందే.

"ఇంతకీ ఆ పురుగు పేరేమిటే?" అన్నారు పిన్నత్తగారు.

"చాలా ఏళ్లు పేరే లేదు మామ్మా. ఎక్స్ బాక్టీరియా అనేవాళ్లు. 2004లో కొరియా వాళ్లు దాని జన్యువు చదివి ఫలానా వంశమని తేల్చారు."

అంటే గోత్రం కనుక్కున్నారన్నమాట! ఇంటిపేరు లెజియోనెల్లా. 1976లో ఫిలడెల్ఫియాలో మాజీ సైనికులు సభకని చేరితే న్యుమోనియా సోకి ముప్పై మంది దాకా పోయారే, ఆ మహమ్మారి ఇంటివాళ్లే. సాకినాయన పేరు మీదుగా దీనికి జియోనీ అని పెట్టారు. పేరుకి ముందు మాత్రం 'క్యాండిడేటస్' అని తగిలించారట. మన క్యాండిడేటే, ఎన్నికలకి నిలబడినట్టు! ఎందుకంటే, కొత్త జాతి అని పక్కాగా రాయాలంటే దాన్ని విడిగా పెంచి చూపించాలి.

"చూపించలేదా మరి?" అన్నారు పిన్నత్తగారు.

"బయటికి తీస్తే పెరగదు మామ్మా."

ఆవిడ చింతచిగురు చేటలోకి వంగి చాలాసేపు పుల్లలు ఏరారు. ఏరడానికి అక్కడ పుల్లలేం లేవు.

వచ్చే ఆదివారం ఆవిడ మేనల్లుడు కారు తీసుకొస్తానన్నాడు. కొత్తిల్లు కట్టుకున్నాడు, అత్తయ్యకి వేరే గది వేశాడు. మంచి పిల్లాడు, పేరు పెట్టడానికేం లేదు. ఈవిడ పెట్టె సర్దుకుని నాలుగు రోజులైంది. వెళ్తాననీ అనలేదు, వెళ్లననీ అనలేదు. నేనూ అడగలేదు. అడగడానికి నాకు నోరేదీ? మొదటి ఏడాది ఎప్పుడు వెళ్తారా అని క్యాలెండరు చూసుకున్నదాన్ని.

ఆ రాత్రి మావారి చేత అతనికి ఫోన్ చేయించాను. ఆవకాయ కలిపేదాకా ఆవిడని పంపడం కుదరదని. ఇంకా కాయే కొనలేదు.